కాసిమేడు ఐసు

పగడం అంటే మా పిన్నికి ఉంగరం.
షావుకారుపేటలో తూకం వేయించి
కుజుడి కోసం కొనిపెట్టుకున్న ఎర్ర గింజ.
ఇది అది కాదు పిన్నీ అంటే నవ్వుతుంది:
"జీతమిచ్చి మరీ నిన్ను రాళ్ళకు కాపలా పెట్టారా?"

రాయే. ఒప్పుకుంటాను.
కానీ రాయి నిండా ఆవగింజంత నోళ్ళు,
నోటి చుట్టూ పన్నెండేసి వేళ్ళు.
పగలంతా ముడుచుకుని
లైట్లు తీసి తలుపు దగ్గరకు వేశాక
కొమ్మ కొమ్మంతా ఒళ్ళు జలదరించినట్టు
విచ్చుకుంటాయి.

తూత్తుకుడి నుంచి వచ్చిన నలభై ముక్కలు,
జింకకొమ్ము రకం.
నైలాను దారంతో సిమెంటు బిళ్ళలకు కట్టి
నంబర్లేసి తొట్టిలో దింపాం.
వీటి చర్మంలో అద్దెకుంటుంది కంటికానని నాచు.
వెలుతురుతో చక్కెర వండి
ఇంటివాళ్ళకు ముప్పాతిక పైనే పెట్టి
మిగిలింది తను తింటుంది.
మద్రాసులో ఇలాంటి అద్దెవాళ్ళు దొరకరు.

ఎండ ముదిరితే మటుకు
వండిందే విషమౌతుంది.
ఇంటివాళ్ళే బయటికి గెంటేస్తారు.
రంగంతా అద్దెవాళ్ళదే, వాళ్ళతోనే పోతుంది.
గాజులాంటి చర్మం కింద ఎముక.
తెల్లబడితే చచ్చినట్టు కాదు,
పస్తు కూచున్నట్టు.
ఎన్నాళ్ళు కూచుంటుందో
దాన్నే అడగాలి.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె.
రాత్రి పదకొండుకు రాయపురం మొత్తం కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
నీళ్ళు చల్లబెట్టే మిషను ఆగింది.
బ్యాటరీ మీద గాలిపంపు ఒక్కటే
బుడగలూదుతోంది.
ఇరవై ఎనిమిదిన్నర. ఇరవై తొమ్మిది.
ఒంటిగంటకు ముప్ఫై దాటింది.
సెల్లు వెలుతురు పట్టుకుని
పాలపొంగు కాసేదానిలా
థర్మామీటరు ముందు నిలబడ్డాను.

వాచ్‌మన్ అరుళప్పన్ లుంగీ ఎగ్గట్టి
చెప్పకుండా సైకిలెక్కి పోయాడు.
కాసిమేడు రేవులో పడవలకు ఐసు నింపే వేళ.
రెండు గోనెసంచులు తెచ్చాడు,
దారిపొడుగునా కారుకుంటూ.
మంచినీళ్ళు తగిలితే చస్తాయి అని నేననేలోపే
పాలకవర్లు కడిగి, ఐసు దంచి పోసి
మూతులు రబ్బరుబాండ్లతో బిగిస్తున్నాడు.
చచ్చిన చేపల కోసం చేసిన ఐసు
కొమ్మల మీద తేలింది.

కవర్లు మారుస్తూ తమిళంలో అన్నాడు,
నా తెలుగు చెవికి అందేంత నెమ్మదిగా:
"పదిహేనేళ్ళప్పుడు గడ్డపారతో వీటినే పెళ్ళగించేవాణ్ణి.
సున్నం బట్టీకి.
పడవ నిండితే పన్నెండు రూపాయలు.
నీళ్ళలోంచి తీస్తే చేతికి జిగురంటేది.
పాచి అనుకున్నాం.
బట్టీలో వేశాక ముందు
చేప కాలిన వాసనొచ్చేది.
రాయి వాసన ఆ తర్వాత."

నేను గోడ వైపు చూశాను.
పాత కట్టడం. సున్నం పెచ్చులూడుతోంది.
ఏ బట్టీదో అడగలేదు.

ఏడాదికొక్కసారి, మార్చి పున్నమి దరిదాపుల,
మాటనుకున్నట్టు ఒకే రాత్రి
ఇవన్నీ గులాబీ గుడ్లు వదులుతాయట.
సముద్రం మీద సగ్గుబియ్యం పోసినట్టుంటుందట.
నేను చూడలేదు.
మావి ఇంకా చిటికెనవేలంత.

ముప్ఫై. ఇరవై తొమ్మిదీ ఆరు.
ఇరవై తొమ్మిదీ ఆరు దగ్గరే గంటసేపు.
నాలుగింటికి కరెంటొచ్చింది.
మిషను గుర్రుమంది.

తొమ్మిదో నంబరు.
కొస తెల్లగా ఉంటే పెరుగుతున్నట్టు లెక్క.
దీని తెలుపు కొస దాటి
వేలెడు కిందికి దిగింది.
రిజిస్టరులో "బతికే ఉంది" అని రాసి
కొట్టేసి
"తెలియదు" అని రాశాను.

దాని దారం వదులైంది, చూశావా అన్నాడు అరుళప్పన్.
నీళ్ళలో చెయ్యి పెట్టబోయి, ఆగి,
కుళాయి దగ్గరికెళ్ళి
మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు,
ఇంకా కడుక్కుంటున్నాడు.